గౌడవెల్లికి రాని పెండ్లిబండి

మేడ్చల్ మిషన్ గుడి అయ్యగారు అడిగింది చిన్న ప్రశ్నే.

"పెండ్లి, విందు ఒక్కచోటనేనా ఇస్సాకూ, రెండు చోట్లనా?" అన్నాడు ఆయన, కలాన్ని సిరాబుడ్డిలో ముంచుతూ.

వచ్చే మూడు ఆదివారాలు ఆరాధన అయ్యాక గుడిలో పెండ్లి ప్రకటన చదవాలి. శామీర్‌పేట యాకోబు పంతులు కొడుకు యోబుకూ, గౌడవెల్లి ఇస్సాకు కూతురు సారమ్మకూ ఫలానా శనివారం పెండ్లి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని మూడుసార్లు చదివితే గానీ అయ్యగారు పెండ్లి చేయడు. విందు ఎక్కడో కూడా అందులోనే చదివేస్తే ఇల్లిల్లూ తిరిగి చెప్పుకునే పని తప్పుతుందని ఆయన ఉద్దేశం.

"గుడి గోడ లోపల డప్పూ కల్లూ కుదరవు, అది నీకు తెలిసిందే," అని ఆయనే మళ్ళీ అన్నాడు. "మీ ఊళ్ళో పందిరి వేసుకుంటే మాత్రం మీ ఇష్టం, నేను కాదనను. ఇక్కడ ప్రార్థన కాగానే బండ్లు కట్టుకుంటే పొద్దు వాలకముందే గౌడవెల్లిలో ఉంటారు."

పాపం, అంత వివరంగా చెప్పాడు అయ్యగారు. రేపెప్పుడైనా తప్పు ఆయన మీదికి తోసేద్దామన్నా ఇస్సాకుకు వీలు లేకుండా చెప్పాడు.

ఇస్సాకు తలపాగా తీసి చేతుల్లో నలిపాడు. "ఒక్కచోటనే అయ్యగారు. అంత గిక్కడనే కానీయుండ్రి," అన్నాడు.

అయ్యగారు రాసుకున్నాడు. జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులు అవి, నలభై నాలుగో సంవత్సరం ఎండాకాలం. బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి, బట్ట కంట్రోల్లో దొరుకుతోంది. ఒక్కచోట అయితే ఖర్చూ తక్కువ, తిరుగుడూ తక్కువ అని ఎవరైనా అనుకుంటారు. ఇస్సాకు కూడా అందరితో అదే చెప్పాడు. అసలు కారణం అది కాదని అతనికి ఆ నిలబడిన చోటే తెలుసు.

ఇస్సాకు చెడ్డవాడేమీ కాదు. ఆ మాట ముందే చెప్పుకుంటే మంచిది, ఎందుకంటే ఇక ముందు అతని మీద కోపం వచ్చే సంగతులే ఎక్కువ. రైలు పట్టాల మీద పని అతనిది. పొద్దున్నే సుత్తె భుజాన వేసుకుని గౌడవెల్లి నుంచి మేడ్చల్ దాకా పట్టాల వెంట నడుస్తాడు. వదులైన చీల కనబడితే కొట్టి బిగిస్తాడు, జారిన కంకర కనబడితే లోపలికి తోస్తాడు. పద్దెనిమిదేళ్ళుగా అదే దారి. దూరం ఎంత అని అడిగితే అందరిలాగా "గిదే, జరంత దూరం" అనడు. తంతి స్తంభాల లెక్కన చెబుతాడు. మేడ్చల్ నుంచి గౌడవెల్లికి మూడు మైళ్ళ మీద ఆరు స్తంభాలు. గౌడవెల్లి నుంచి బొల్లారానికి ఆరు మైళ్ళకు రెండు స్తంభాలు తక్కువ. "గీ ఇస్సాకును సచ్చినంక బొందకాడికి మోసుకపోతుంటె గూడ స్తంభాలు లెక్కవెడ్తడు," అని తోటి కూలీలు ఎగతాళి చేసేవాళ్ళు.

అతనికి ఒక్కడే అన్న, గౌరయ్య. పదేళ్ళు పెద్ద. కలరా గత్తర వచ్చి తల్లీ తండ్రీ ఒకే వారంలో పోతే తమ్ముణ్ణి పెంచి పెద్దచేసింది అతనే. గౌరయ్యది డప్పు. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెండ్లయినా గౌరయ్య డప్పు మోగనిదే పెండ్లికొడుకు గడప దాటేవాడు కాదు. మనిషి నల్లగా, పొట్టిగా, చూడ్డానికి ఏమంత లేడు గానీ, గడ్డిమంట మీద డప్పు కాగబెట్టి భుజానికి తగిలించుకున్నాడంటే ముసలమ్మలు కూడా కొంగు బిగించి లేచేవాళ్ళు.

ఇస్సాకు అప్పుడు ఇస్సాకు కాదు, నర్సయ్య. మిషన్‌లో చేరి బాప్తీస్మం తీసుకున్న రోజు గౌరయ్య గుడి వాకిలి దాకా వచ్చి ఆగిపోయాడు.

"నీ దేవుడు నీకు, నా మైసమ్మ నాకు. నేను గీ గడప తొక్క," అన్నాడు. "గని ఒక్కటి ఇను నర్సిగా. రేపు నీకు బిడ్డ పుడ్తె, దాని పెండ్లికి మనూర్ల నా డప్పు మోగాలె. గంతే. ఇంకేం అడుగ."

"గట్లనే అన్న," అన్నాడు ఇస్సాకు. ఆ రోజు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

బిడ్డ పుట్టింది. సారమ్మ అని పేరు పెట్టారు. గౌరయ్యకూ అతని భార్య బాలనర్సమ్మకూ పిల్లల్లేరు. అన్న గడపకూ తమ్ముడి గడపకూ మధ్య నలభై అడుగులు, ఆ నలభై అడుగుల్లోనే సారమ్మ పెరిగింది. పొద్దున ఈ ఇంట్లో జొన్నగట్క తాగితే మధ్యాహ్నం ఆ ఇంట్లో రొట్టె తినేది. అయిదేళ్ళప్పుడు జ్వరం వచ్చి కండ్లు తేలేస్తే ఇస్సాకు ఎక్కడో వానకు తెగిన పట్టాల పనిమీద దూరాన ఉన్నాడు. గౌరయ్యే పిల్లను భుజాన వేసుకుని వానలో పట్టాల వెంట బొల్లారం దవాఖానకు నడిచాడు. పది రోజులు ఆ వరండాలోనే పడుకుని, పిల్లను మళ్ళీ భుజాన వేసుకుని వచ్చాడు. "ఎంత దూరం నడిచినవ్ అన్న?" అని ఇస్సాకు కండ్లు తుడుచుకుంటూ అడిగితే, "నాకేమెరుక, నువ్వే గద లెక్కవెట్టెటోనివి," అని నవ్వాడు.

ఇంత ఉండి, మరి ఇస్సాకు ఒక్కచోటే అని ఎందుకన్నాడు?

సంబంధం ఖాయం చేసుకోవడానికి యాకోబు పంతులు గౌడవెల్లి వచ్చిన రోజు జరిగింది అది. యాకోబు శామీర్‌పేట మిషన్ బడిలో పంతులు. ఉతికిన తెల్లచొక్కా, కిర్రుచెప్పులు, జేబులో కలం. చాప మీద కూర్చుని మజ్జిగ తాగి, మాటల మధ్యలో అన్నాడు: "మా దిక్కు పెండ్లంటె అంత గుడికాడ్నే అయిపోతది. ప్రార్థన, పాటలు, బువ్వ. ఇగ ఎవరిండ్లకు వాళ్ళు." ఊరికే అన్నాడు, మజ్జిగ చల్లగా ఉందన్నట్టే అన్నాడు. ఆ సమయానికి గౌరయ్య ముందురోజు ఏదో ఊళ్ళో పెండ్లికి కొట్టి వచ్చి, కల్లు దిగని ఎర్రకండ్లతో చూరు కింద కూర్చుని ఉన్నాడు. పక్కన గోడకు ఆనించి డప్పు. యాకోబు బయటికి వెళ్తూ ఆ డప్పు వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో ఏముందో యాకోబుకే తెలియాలి. ఇస్సాకు మాత్రం అందులో తనను తాను భయపెట్టుకోవడానికి ఎంత కావాలో అంతా చదువుకున్నాడు. బడిపంతులు వియ్యంకుడు, చదువుకున్న అల్లుడు. వాళ్ళ ముందు తన అన్న కల్లు తాగి చెమట కారుస్తూ ఎగురుతుంటే చూడలేననుకున్నాడు. సిగ్గు పడ్డాడు. తనను పెంచిన మనిషిని చూసి సిగ్గు పడ్డాడు.

మూడు ఆదివారాలు ప్రకటన చదివారు. రెండో ఆదివారం గుడి నుంచి వస్తూ ఇస్సాకు భార్య మార్తమ్మ అడిగింది.

"బావకు జెప్పినవా, ఊర్ల పందిరి లేదని?"

"గుళ్ళె సదివిండ్రు గద. అందరికి ఎరుకైనట్టే."

"బావ గుడికి వస్తడా ఇనేటందుకు? ఏం మాట్లాడుతున్నవ్?"

"జెప్త తియ్యి," అన్నాడు ఇస్సాకు.

చెప్పలేదు. అన్నతో ఎదురుగా అనవలసిన మాటను గుడిలో చదివే కాగితానికి అప్పజెప్పి చేతులు దులుపుకున్నాడు. ఊళ్ళో క్రైస్తవుల ఇండ్లు నాలుగే. ఆ నాలుగు ఇండ్లవాళ్ళూ, సొంత తమ్ముడు అన్నకు చెప్పకుండా ఉంటాడా అనుకున్నారు. ప్రకటన చదివే ఆదివారాలు పెండ్లిపిల్ల గుడికి పోకూడదని అక్కడి ఆనవాయితీ, కాబట్టి సారమ్మ కూడా ఇంటిదగ్గరే ఉండిపోయింది. ఆ విధంగా ఆ సంగతి తెలియవలసిన ఇద్దరికీ తప్ప అందరికీ తెలిసింది.

గురువారం నాడు బియ్యం, గిన్నెలు, పిల్ల రేకుపెట్టె రెండు బండ్లలో వేసుకుని మేడ్చల్ బయలుదేరారు. గుడి వెనక కొట్టంలో దిగి వంటల పని చూసుకోవాలి. గౌరయ్య వచ్చి రేకుపెట్టెను తనే ఎత్తి బండిలో పెట్టాడు. సారమ్మ బండి ఎక్కి పెద్దనాయన చెయ్యి పట్టుకుంది.

"పెద్దనాయినా, శనివారం గట్టిగ గొట్టాలె. శామీర్‌పేటోళ్ళు పరేషాన్ కావాలె."

"నువ్వయితె పెండ్లికొడుకును తోలుకరా బిడ్డ. వాళ్ళను ఎగిరిచ్చుడు నా పని," అన్నాడు గౌరయ్య. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "పోయిరాండ్రి నర్సిగా. గిక్కడి సంగతి నేను జూసుకుంట," అన్నాడు.

అప్పుడు చెప్పాలి. ఎద్దులు నిలబడి ఉన్నాయి, బండివాడు బీడీ కాలుస్తున్నాడు, తొందరేమీ లేదు. మార్తమ్మ బండిలోంచి మొగుడి మొహం వైపే చూస్తోంది. ఒక్క మాట చాలు. కోపం వస్తే వస్తుంది, తిడితే తిడతాడు, అన్నే కదా.

"సరే అన్న," అన్నాడు ఇస్సాకు. బండి కదిలింది.

మరునాడు మేడ్చల్‌లో వంటవాళ్ళ మాటల్లో సారమ్మకు సంగతి తెలిసింది. వచ్చి తండ్రిని నిలదీసింది. "నాయినా, మళ్ల ఊరికి పోతలేమా? పెద్దనాయిన సూస్తుంటడు గద?"

ఇస్సాకు ఉల్లిగడ్డల బస్తా విప్పుతున్నాడు. తల ఎత్తలేదు. "మీ పెద్దనాయిన పందిరి ఎయ్యనన్నడు బిడ్డ. గుళ్ళె పెండ్లయినోళ్ళకు నా డప్పు మోగదన్నడు."

"నిన్న బండికాడ గట్ల అనలేదు గద?"

"నీ ముంగట ఎందుకంటడు. నాతోని అన్నడు."

సారమ్మకు తండ్రి అబద్ధం చెప్పగలడన్న ఆలోచన రాలేదు, ఎందుకంటే అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. మూలకు వెళ్ళి కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పుట్టింటిని వదిలిపోతున్నందుకు ఏడుస్తోందని ఆడవాళ్ళు ఓదార్చారు.

పెండ్లి బాగానే జరిగింది. అయ్యగారు ప్రార్థన చేశాడు, పిల్లలు పాటలు పాడారు, సారమ్మ తల వంచుకుని ఉంగరం తొడిగించుకుంది. బంతిలో కూర్చున్నప్పుడు యాకోబు పంతులు పప్పు కలుపుకుంటూ అన్నాడు: "బావా, మీ అన్న ఏడి? డప్పు మస్తు గొడ్తడట గద. మా పోరగాండ్లు దారి పొడుగూత గదే ముచ్చట, ఊర్ల పందిరుంటె ఎగురుదుమని."

ఇస్సాకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఆయినకు గుడంటె పడది. రానన్నడు," అన్నాడు, అబద్ధం ఒకసారి ఆడాక రెండోసారి తేలికే కాబట్టి.

"అరె, గట్లనా," అన్నాడు యాకోబు నిజంగానే బాధపడుతూ. "గుడి పెండ్లయితె నాకు అలవాటని ఒక్కచోట వెట్టినవనుకున్న. ఊర్ల పందిరేసినా వస్తుంటిమి గద."

సూటిగా ఒక దెబ్బ కొట్టినా బాగుండేదనిపించింది ఇస్సాకుకు. తను దేనికి భయపడ్డాడో అది అసలు లేనేలేదు. ఇంకా పొద్దుంది. బండ్లు గుడి ముందే ఉన్నాయి. లేచి, "పదండ్రి, ఒక్కసారి గౌడవెల్లి దాకా పోయొద్దాం," అంటే అందరూ సంతోషంగా లేచేవాళ్ళు. కానీ అలా అంటే నిన్నటి అబద్ధం బయటపడుతుంది. బిడ్డ ముందు, వియ్యంకుడి ముందు దొంగ అవుతాడు. ఇస్సాకు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పెండ్లిబండి మేడ్చల్ నుంచి తిన్నగా శామీర్‌పేట దారి పట్టింది. సారమ్మ గౌడవెల్లి దిక్కు తిరిగి చూడలేదు. ఆమెకు కోపంగా ఉంది.

గిన్నెలు తోమే పనికి మార్తమ్మ మేడ్చల్‌లోనే ఆగింది. సాయంత్రం ఇస్సాకు ఒక్కడే పట్టాల వెంట ఇంటికి నడిచాడు. ఆ రోజు స్తంభాలు లెక్కపెట్టలేదు. ఊరి మొదట్లోనే దారి పక్కన గడ్డి కాల్చిన బూడిద కుప్ప కనిపించింది. కొంచెం ముందు ఇంకొకటి. డప్పు కాగబెట్టినది ఎంతోసేపు నిలవదు, చల్లబడితే మోత రాదు, మళ్ళీ మంట మీద పట్టాలి. దూరాన బండి దుమ్ము కనబడినప్పుడల్లా, వస్తున్నది పెండ్లిబండే అనుకుని, గౌరయ్య పొద్దుటి నుంచి డప్పు కాగబెడుతూనే ఉన్నాడు. తొమ్మిది కుప్పలు. దూరాలు లెక్కపెట్టే మనిషి కదా, ఇస్సాకు కండ్లు వద్దన్నా లెక్కపెట్టాయి.

ఇస్సాకు ఇంటి ముందు పందిరి ఉంది. కొత్త కట్టెలు, మామిడాకు, వేపమండలు. ఆకు ఎండకు వాడి ముడుచుకుంది. ముగ్గు వేసి ఉంది. గంపలో బాలనర్సమ్మ రొట్టెలూ బెల్లమూ నలిపి చేసిన మలీద ముద్దలు, పైన తడిబట్ట. కుండలో బెల్లం పానకం. ఊళ్ళోవాళ్ళు చూసి చూసి ఎవరి పనికి వాళ్ళు పోయారు. గౌరయ్య ఉతికిన ధోవతి కట్టుకుని, పందిరి కట్టెకు ఆనుకుని, డప్పు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు చుక్క కల్లు ముట్టలేదు. అది ఇస్సాకుకు చూడగానే తెలిసింది.

"ఒక్కనివే వచ్చినవేంది నర్సిగా? పిల్ల ఏది?"

"పోయింది అన్న. మేడ్చల్ నుంచి అట్లనే శామీర్‌పేటకు పోయింది."

"అట్లనే పోయిందా?"

"వాళ్ళకు జల్దీ ఉండె."

గౌరయ్య తమ్ముడి మొహంలోకి చూశాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్న మొహం. తిట్టలేదు. "ముందుగాల్ల ఒక్క మాట జెప్తె ఏమాయె," అన్నాడు. "గుడి గోడకు అవుతల, రోడ్డు మీద నిలవడి గొడ్తుంటి గదరా. లోపలికి రాకపోతుంటి."

గుడి గోడ బయట, రోడ్డు మీద. ఆ ఆలోచన ఇస్సాకుకు ఒక్కసారి కూడా రాలేదు. ఒక్కచోటా రెండు చోట్లా అని నెలరోజులు మథనపడ్డవాడికి, అన్న ఆ ఒక్కచోటికే వచ్చి బయట నిలబడతాడని తోచలేదు.

గౌరయ్య లేచి గంప మీద బట్ట తీసి, మలీద ముద్ద ఒకటి తమ్ముడి చేతిలో పెట్టాడు. "తిను. పొద్దటిసంది తిన్నవో లేదో," అని, డప్పు తీసుకుని తన ఇంటికి వెళ్ళిపోయాడు. ఇస్సాకు ఆ ముద్ద తిన్నాడు. తినకపోతే అన్న నొచ్చుకుంటాడని తిన్నాడు. నొప్పించడం గురించి ఇంత ఆలోచన అతనికి అప్పుడు వచ్చింది.

తర్వాత గౌరయ్య ఎప్పటిలాగే ఉన్నాడు. పిలిచిన ఊరికల్లా వెళ్ళి కొట్టాడు, కల్లు తాగాడు, తమ్ముడితో మాట్లాడాడు. పెండ్లి ఊసు మాత్రం ఎత్తలేదు. ఇస్సాకు ఒకసారి శామీర్‌పేట వెళ్తే సారమ్మ అడిగింది, "పెద్దనాయినకు కోపం పోయిందా?" అని. "ఇంక పోలే," అన్నాడు. ఇక ఆ పిల్ల ఏ మొహంతో గౌడవెల్లి వస్తుంది?

వానలు పడుతుండగా గౌరయ్యకు చలిజ్వరం పట్టుకుంది. పది రోజుల్లో మనిషి సగం అయ్యాడు. ఒకరోజు తమ్ముణ్ణి పిలిచి, "పిల్లను ఒక్కసారి తోలుకరా నర్సిగా," అన్నాడు. ఇస్సాకు ఆ పూటే శామీర్‌పేట వెళ్ళి సారమ్మను బండిలో తీసుకొచ్చాడు. దారి పొడుగునా చెప్పాలనుకున్నాడు. శామీర్‌పేట చెరువు దాటాక చెబుదామనుకున్నాడు. మేడ్చల్ దాటాక చెబుదామనుకున్నాడు. బండి అన్న ఇంటి ముందు ఆగింది.

సారమ్మ వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుంది. ఎముకలు తేలిన ఆ చెయ్యి పట్టుకోగానే లోపల దాచుకున్నదంతా బయటికి వచ్చింది.

"ఎందుకు రాలేదు పెద్దనాయినా? పందిరి ఎయ్యనన్నవంట. గుళ్ళె పెండ్లయితె నేను నీ బిడ్డను కాకపోతినా?"

మంచం పక్కన నిలబడిన బాలనర్సమ్మ నోరు తెరిచింది. గౌరయ్య చెయ్యి కొంచెం ఎత్తి ఆమెను ఆపాడు. తర్వాత గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి వైపు చూశాడు. ఆ ఒక్క చూపుతో గౌరయ్యకు అంతా అర్థమైపోయింది. ఇస్సాకు కండ్లు దించుకున్నాడు.

"అవ్ బిడ్డ," అన్నాడు గౌరయ్య మెల్లగా. "ఏదో కోపాన అన్న. ముసలోని బుద్ధి. మీ నాయిన ఎంతగానో బతిమిలాడిండు, నేనే ఇనలే. మన్నించు బిడ్డ."

ఇస్సాకు గుమ్మంలోనే ఉన్నాడు. ఇంట్లో నలుగురే ఉన్నారు. 'కాదు' అనడానికి అంతకంటే మంచి సమయం ఇక రాదని అతనికి తెలుసు. అయినా గుమ్మం దాటి లోపలికి రాలేదు. సారమ్మ పెద్దనాయన చేతిని మొహానికి ఆనించుకుని, "నాకేం కోపం లేదు, నాకేం కోపం లేదు," అని ఏడుస్తోంది.

మూడో రోజు పొద్దున గౌరయ్య పోయాడు. ఊళ్ళో నలుగురు డప్పులవాళ్ళు వచ్చి దారి పొడుగునా కొట్టారు. ఇస్సాకు పాడె మోశాడు.

సారమ్మ శామీర్‌పేటకు తిరిగి వెళ్ళే రోజు వచ్చింది. బండి కట్టారు. ఇస్సాకు కాడి పట్టుకుని నిలబడి, ఎవరో తోసినట్టుగా ఒక్కసారిగా చెప్పేశాడు. అయ్యగారు అడిగింది, తను అన్నది, ఉల్లిగడ్డల బస్తా దగ్గర ఆడిన అబద్ధం, పందిరి, తొమ్మిది బూడిద కుప్పలు, మలీద ముద్ద, అన్నీ. ఏదీ దాచలేదు.

సారమ్మ ఏడవలేదు. అడిగింది.

"ఆయిన నన్ను మన్నించు అంటుంటె నువ్వు గుమ్మంలనే ఉంటివి గద నాయినా?"

"ఉంటి బిడ్డ."

"మేడ్చల్ నుంచి గీడికి ఎంత దూరం?"

"మూడు మైళ్ళ మీద ఆరు స్తంభాలు."

"గంతేనా," అంది సారమ్మ. బండి విప్పేయమని చెప్పి, మూట చేతపట్టుకుని బాలనర్సమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రోజు అక్కడే ఉంది. మరునాడు అక్కడి నుంచే బండి ఎక్కింది.

ఆ తర్వాత సారమ్మ తండ్రిని ఒక్క మాట అనలేదు, అది నిజం. వియ్యాలవారి ముందు పరువు తీయలేదు, తల్లి అడిగితే కూడా ఊరుకుంది. రజాకార్ల గడబిడలో దారులు బంద్ అయిన రోజుల్లో తప్ప ఏడాదికి రెండు మూడుసార్లు గౌడవెల్లి వచ్చేది. వచ్చినప్పుడల్లా బండి ముందు బాలనర్సమ్మ ఇంటి దగ్గర ఆగుతుంది. అక్కడ దిగుతుంది, అక్కడ కాళ్ళు కడుక్కుంటుంది, అక్కడే తింటుంది. గోడకు వేలాడే డప్పు కింద తన కొడుకును కూర్చోబెట్టి ఏదో చెబుతుంది. తర్వాతే తండ్రి ఇంటికి వస్తుంది. ఎంతసేపటికి వస్తుందో ఎవరూ అడగరు. ఒకసారి మధ్యాహ్నం బండి దిగినది తండ్రి గడపకు దీపాలు పెట్టేవేళకు వచ్చింది.

నలభై తొమ్మిదో సంవత్సరంలో ఇస్సాకు పని మానేశాడు. మోకాళ్ళు పట్టుకుపోయాయి. సారమ్మ వస్తుందని కబురు తెలిసిన రోజు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని, గడపలో కూర్చుంటాడు. బండి వచ్చి అవతలి వాకిట్లో ఆగుతుంది. మనవడి మాటలు ఇక్కడికి వినిపిస్తాయి. ఆ పిల్లవాడు చిన్న పుల్లలు పట్టుకుని పెద్దతాత డప్పును కొడుతుంటాడు, బాలనర్సమ్మ నవ్వుతుంటుంది.

ఆ గడపకూ ఈ గడపకూ నలభై అడుగులు. లేచి వెళ్ళవచ్చు, ఎవరూ వద్దనరు. కానీ ఇస్సాకు వెళ్ళడు. సారమ్మ వచ్చేదాకా అక్కడే కూర్చుంటాడు.